దేవదాసు: నవలలోని కరుణ, చిత్రములోని వైరాగ్యము

శరచ్చంద్ర చట్టోపాధ్యాయుని ‘దేవదాసు’ నవల 1917లో ప్రకటితమైనది. వినోదా సంస్థ నిర్మించిన తెలుగు చిత్రము, వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున, 1953 జూన్ 26న విడుదలయ్యెను. ఈ రెండింటి నడుమ కృష్ణా డెల్టాకు చెందిన ఇరువురు నిలిచియున్నారు. శరత్సాహిత్యమును తెలుగువారికి ఆత్మీయ మొనర్చిన చక్రపాణిగారు (1908–1975) తెనాలివారు. చిత్రమునకు మాటలును పాటలును వ్రాసిన సముద్రాల రాఘవాచార్యులవారు (1902–1968) రేపల్లె ప్రాంతమునందలి పెదపులివర్రున జన్మించినవారు. ఆ గ్రామము నేడు బాపట్ల జిల్లాలోనిది. కథ అదియే, మాధ్యమము మాత్రమే మారినదని పలువురి యభిప్రాయము. కథ చాలవఱకు నిలిచినను, దాని వెనుకనున్న తత్త్వము మారినదని మా తలంపు.

నవలలో దేవదాసు పతనమునకు కారణము విధి కాదు. పార్వతి అర్ధరాత్రమున ఒంటరిగా అతని గదికి వచ్చి తన్ను స్వీకరింపుమని కోరును. అతడు తలిదండ్రుల మాటను, వంశప్రతిష్ఠను దాటలేక కలకత్తాకు పోయి, అచటినుండి నిరాకరించుచు లేఖ వ్రాయును. ఆ ఒక్క పిఱికితనమునకు ఫలితమే తక్కిన కథ యంతయు. శరత్తు అతనిని సమర్థింపడు, శపింపడు. తుదిలో కథకుడే ముందునకు వచ్చి, ఇట్టి అభాగ్యునికై ప్రార్థింపుడని పాఠకులను వేడుకొనును. మరణము అందఱకును తప్పదు. కాని ఆ క్షణమున నుదుటిపై ఒక ప్రేమహస్తము సోకవలెను, ఒక కంటనైనను నీటిచుక్క కనబడవలెను అనునది ఆ వేడుకోలు సారము. లోకము మిథ్య యనువాడు ఇట్లు కోరడు. ఆ స్పర్శయు, ఆ కన్నీరును సత్యములని నమ్మినవాడే కోరును.

చలనచిత్రమున కథకుడు లేడు. అతని పలుకు మఱియొకచో వెలువడవలసివచ్చినది. ఆ చోటు పాట. మద్యము మత్తులోనున్న నాయకుడు జగత్తును, జీవితమును మాయగా భావించుచు పాడు గీతము, ఘంటసాలగారి కంఠమున, చిత్రమునకు తాత్త్విక వ్యాఖ్యానమై కూర్చున్నది. వేమన పద్యములును, వీరబ్రహ్మముగారి తత్త్వములును వినుచు పెరిగిన తెలుగు శ్రోతకు ఈ ధోరణి చిరపరిచితము. బైరాగి తంబురతో పాడిన మాటనే ఇచట జమీందారు బిడ్డ పాడుచున్నాడు. అందువలన వంగదేశపు కథ తెలుగు హృదయమున అంత గాఢముగా నాటుకొన్నది.

అయితే ఈ లాభమున ఒక నష్టమును గలదు. సర్వము మాయయైనచో పార్వతి వేదనయు మాయయే. నాయకుని పిఱికితనమునకు బాధ్యుడెవడును ఉండడు. నవల మోపిన భారమును పాట తేలిక చేయుచున్నది.

కాని దీనిని కవి దోషముగా నెంచుట తొందరపాటు. నాటకమునందువలె చిత్రమునందును పాత్రోక్తి వేరు, కృతి సిద్ధాంతము వేరు. మాయను గూర్చి పాడినవాడే తుదకు పార్వతికిచ్చిన మాటకై ఆమె యింటి ముంగిటికి చేరి ప్రాణములు విడుచును. నిజముగా విరాగియైనచో ఆ ప్రయాణమేల? అక్కినేని నాగేశ్వరరావుగారి అభినయమున ఆ వైరాగ్యము జ్ఞానముగా గాక, గాయముపై కప్పిన వస్త్రముగా గోచరించును. ఇచట నవలయు చిత్రమును మఱల కలిసికొనుచున్నవి.

కావున పరిశోధక విద్యార్థులు రెండు పొరపాట్లను పరిహరింపవలెను. పాటను విని శరత్తును మాయావాది యనరాదు. నవలను చదివి, పాటను అనవసరమైన చేర్పు అనరాదు. సంఘటనల పట్టికలను సరిపోల్చుటతో అనుసరణ విమర్శ ముగియదు. మూలమున కథకుడు పలికిన మాటను చిత్రమున ఎవరు, ఏ స్థితిలో పలికిరని విచారించుటతో అది ఆరంభమగును.