కాలం తీరిన మందులు – ఉక్కుకు తుప్పు

రోగి ఇంటికి వెళ్ళిన తరువాత సగం వాడిన స్ట్రిప్పులు, సీసాలు బీరువాలో మిగిలిపోతుంటాయి. తేదీ దాటినా పారవేయటానికి మనసు ఒప్పదు, డబ్బు పెట్టి కొన్నవి కదా! ఇటువంటి మందులతో ఉక్కు తుప్పు పట్టకుండా కాపాడవచ్చని మీలో కొందరు వినే ఉంటారు. ఆ మాట నిజమే. అయితే ఎక్కడ నిజమో తెలుసుకోవాలి.

కర్మాగారాలలో ఉక్కుపై పట్టిన తుప్పును, నల్లటి పెచ్చులను తొలగించటానికి దానిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచుతారు. ఆమ్లం తుప్పుతో ఆగదు, మంచి ఉక్కును కూడా తినివేస్తుంది. దీనిని అడ్డుకొనే రసాయనాలు కొన్ని ఖరీదైనవి, కొన్ని విషపూరితమైనవి. అందువలన శాస్త్రజ్ఞులు యాంపిసిలిన్ వంటి మందులను పరీక్షించారు. అనేక మందుల అణువులలో నత్రజని, గంధకం, ఆక్సిజన్ ఉంటాయి. వీటి సాయంతో అణువులు ఇనుముకు అంటుకొని, పలుచని పొరగా కప్పి, ఆమ్లాన్ని దరిచేరనీయవు.

పరీక్ష చాలా తేలిక. చిన్న ఉక్కు ముక్కలను తూచి, మందు కలిపిన ఆమ్లంలో కొన్ని, కలపని ఆమ్లంలో కొన్ని ఉంచి, మరల తూస్తారు. మందు లేనిచోట 100 మిల్లీగ్రాములు, ఉన్నచోట 10 మిల్లీగ్రాములే తరిగితే రక్షణ 90 శాతం అన్నమాట.

తేదీ దాటగానే మందు మాయం కాదు. అమెరికా సైన్యం కోసం 1986 నుండి జరిగిన పరీక్షలలో, సరిగా నిలువ చేసిన మందులలో చాలావరకు గడువు తరువాత కూడా సత్తువ ఉన్నట్లు తేలింది. అలాగని వాటిని మింగకండి. ఇన్సులిన్ బలం తగ్గితే షుగర్ అదుపు తప్పుతుంది, ఆ తగ్గుదల సీసాను చూస్తే తెలియదు.

ఇంటి గేటుకు ఈ పద్ధతి పనికిరాదు. గేటును తినేది గాలి, తేమ. మాత్రలు నూరి పూస్తే వానకు కొట్టుకుపోతాయి. గరుకు కాగితంతో రుద్ది రెడ్ ఆక్సైడ్ వేయించటమే మేలు.

కర్మాగారాలలోనైనా మాకు ఒక సందేహం ఉన్నది. వాడిన ఆమ్లంతోపాటు ఆ మందు ఎక్కడికి పోతుంది? హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో, మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు 2007లో వెల్లడైంది. మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు! అటువంటి నీటిలో మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి.

కాబట్టి మిగిలిన మాత్రలను కాలువలో, బావి దగ్గర పారబోయవద్దు. స్ట్రిప్పు నుండి తీసి, వాడిన టీపొడిలోనో బూడిదలోనో కలిపి, కవరులో గట్టిగా కట్టి చెత్తబండికి ఇవ్వండి. మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్ వంటివాటి సంగతి వేరు. పసిపిల్లలు పొరపాటున ఒక్క మోతాదు మింగినా ప్రాణాపాయం కలుగవచ్చు గనుక, ఇటువంటి 17 మందులను టాయిలెట్‌లో వేసి నీళ్ళు వదలమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో సూచించింది. క్యాన్సర్ మందులు మిగిలితే చెత్తలో వేయక, ఇచ్చిన ఆసుపత్రి ఫార్మసీలోనే అడిగి అప్పగించండి.