రాజధాని నుండి సాగరతీరానికి

ఢిల్లీకి యమున ఉన్నది గాని సముద్రం లేదు. రాజధానీవాసులకు చేరువైన సముద్రం గుజరాత్ తీరాన ఉన్నది. ఆ చేరువ అనేది కూడా రోడ్డు మార్గాన వేయి కిలోమీటర్ల పైమాటే. అయినప్పటికీ ఈ దూరం వృథా దూరం కాదు. దారి పొడవునా జాతీయోద్యానవనాలు, పక్షుల సరస్సులు, చివరకు సౌరాష్ట్ర తీరాన పగడపు దిబ్బలు ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. కారులో పదిహేను దినాలు వెచ్చించగల కుటుంబానికిగాని, కళాశాల విద్యార్థుల బృందానికిగాని ఉత్తర భారతంలో ఇంతకు మించిన యాత్ర అరుదు.

ఈ యాత్రను ఎచ్చట నుండి ఆలోచించాలి? సాధారణంగా ప్రయాణికులు బయలుదేరే దినంతో లెక్క ప్రారంభిస్తారు. ఇక్కడ మాత్రం చివరి మజిలీతో ప్రారంభించి వెనుకకు రావటమే తెలివైన పని. ఆ చివరి మజిలీ జామ్‌నగర్ సమీపంలోని నరారా. అక్కడి పగడాలు సముద్రపు పాటు సమయంలోనే బయటపడతాయి. అమావాస్య, పూర్ణిమలకు పోటూపాటూ రెండూ ఎక్కువ. అష్టమి దగ్గర తక్కువ. కనుక పంచాంగం చూచి, పూర్ణిమకో అమావాస్యకో ఒకటి రెండు రోజుల అటు ఇటుగా నరారా చేరేట్లు తేదీ నిర్ణయించుకొని, అందులో నుండి పదమూడు దినాలు తీసివేస్తే బయలుదేరవలసిన తేదీ తేలుతుంది.

ఋతువు విషయంలో ఎంపికకు అంతగా తావు లేదు. రణథంభోర్‌లోని ముఖ్య విభాగాలు జులై నుండి సెప్టెంబరు వరకు, గిర్ అడవి జూన్ 16 నుండి అక్టోబరు 15 వరకు సందర్శకులకు మూసి ఉంటాయి. వలస పక్షులు శీతకాలంలోనే ఉంటాయి. అంటే నవంబరు నుండి ఫిబ్రవరి వరకే అన్నీ కలిసివచ్చే కాలం. డిసెంబరు, జనవరి నెలల్లో యమునా మైదానాన్ని ఉదయం పూట దట్టమైన పొగమంచు కమ్ముతుంది. ఎదుటి లారీ కూడా కానరాదు. తెల్లవారుజామున బయలుదేరటం మనవారికి అలవాటే గాని, ఆ దినాలలో ఎండ పొడచూపిన తరువాత కదలటమే క్షేమం.

మొదటి మజిలీకి రాజధాని ప్రాంతాన్ని దాటనవసరం లేదు. గురుగ్రామ్ జిల్లాలోని సుల్తాన్‌పూర్ జాతీయోద్యానవనం ఒకటిన్నర చదరపు కిలోమీటర్లకు లోపే. ఒకప్పుడు ఈ ఊరి ఉప్పునీటి బావుల నుండి ఉప్పు పండించి అమ్మేవారు. నేడు ఆ నేలపై నిలిచిన నీటికి శీతకాలంలో మధ్య ఆసియా నుండి, సైబీరియా నుండి బాతులు వచ్చి చేరుతాయి. 2021లో దీనికి రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు లభించింది.

భరత్‌పూర్ జిల్లా 2013లో జాతీయ రాజధాని ప్రాంతంలో చేరింది. కనుక ప్రపంచ వారసత్వ స్థలమైన కేవలాదేవ్ ఉద్యానవనం కూడా నేడు ఢిల్లీ పెరటిలోనిదే. ఇరవై తొమ్మిది చదరపు కిలోమీటర్ల ఈ ఉద్యానవనంలోని సరస్సులు ప్రకృతి ప్రసాదించినవి కావు. పద్దెనిమిదవ శతాబ్దిలో మహారాజా సూరజ్‌మల్ కట్టించిన అజాన్ గట్టు వలన ఏర్పడినవి. తరువాత ఇది రాజుల వేటస్థలమైంది. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్క దినంలో నాలుగు వేలకు పైగా పక్షులను కాల్చివేసింది. ఆ లెక్క నేటికీ శిలాఫలకంపై ఉన్నది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ కృషి ఫలితంగా వేటస్థలం ఆశ్రయస్థలమైంది. అయితే రక్షణ కూడా సులభమైన సంగతి కాదు. 1982లో గ్రామస్థుల గేదెల మేతను నిషేధించగా ఘర్షణ జరిగింది, ప్రాణాలు పోయినవి. తీరా గేదెలు లేకపోయేసరికి నీటిగడ్డి విపరీతంగా పెరిగి పక్షులకే ఇరుకైనదని తరువాతి పరిశోధనలో తేలింది! ఎగువన గంభీర్ నదిపై పాంచ్నా ఆనకట్ట వచ్చిన పిమ్మట నీటి కొరత తోడైంది. సైబీరియా కొంగలు 2002 తరువాత ఇక్కడికి రాలేదు. లోపల సైకిలు రిక్షా ఎక్కటం మేలు. ఆ రిక్షావారిలో పలువురు పక్షుల పేర్లు శాస్త్రీయ నామాలతో సహా చెప్పగలరు.

అచ్చట నుండి రణథంభోర్. 1973లో పులుల సంరక్షణ పథకంలో చేరిన ఈ అడవికి 1980లో జాతీయోద్యానవన హోదా వచ్చింది. సొంత వాహనాన్ని లోపలికి అనుమతించరు. జీపులోగాని, క్యాంటర్‌లోగాని స్థలం ముందుగా నమోదు చేసుకోవాలి. 2023 ఫిబ్రవరిలో సోహ్నా–దౌసా భాగం ప్రారంభమైన ఢిల్లీ–ముంబాయి ఎక్స్‌ప్రెస్ రహదారి ఈ ప్రాంతాన్ని బాగా దగ్గర చేసింది. ఆ రహదారిపై వన్యమృగాలు దాటిపోయేందుకు ప్రత్యేకంగా పైవంతెనలు నిర్మించటం గమనించదగిన విషయం.

ఉదయపూర్, అహమ్మదాబాదుల మీదుగా రెండు దినాలు కేవలం ప్రయాణమే. ఆపైన భావనగర్ సమీపాన వేళావదర్ గడ్డిమైదానంలో కృష్ణజింకల మందలు కనబడతాయి.

భావనగర్ నుండి ద్వారక దాకా 51వ నంబరు జాతీయ రహదారి తీరం వెంబడే సాగుతుంది. ఈ దారిలో మహువా, ఊనా పట్టణాల మధ్య రాత్రివేళ వాహనం నడపకుండుట మంచిది. 2025 గణనలో తేలిన 891 ఆసియా సింహాలలో సగానికి పైగా గిర్ అభయారణ్యం వెలుపలనే, పొలాలలో, తీరపు తుప్పలలో తిరుగుతున్నవి. రోడ్డు వాటిది కూడా. సింహాలన్నీ ఒక్క ప్రాంతంలోనే ఉండుట ప్రమాదకరమని, కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కూనోకు తరలించాలని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తరలింపు జరగలేదు. 2018లో అంటువ్యాధి సోకి ఇరవైకి పైగా సింహాలు మరణించినప్పుడు ఆ హెచ్చరిక మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఒక మగసింహం మాత్రం ఎవరి తీర్పు కోసమూ వేచియుండక, 2023 జనవరిలో తనంతట తానే పోర్‌బందర్ చెంత బరడా కొండలకు చేరుకున్నది.

సోమనాథ దర్శనానికి వెళ్ళే తెలుగువారు పక్కనే ఉన్న వేరావల్ రేవును చూడకుండా మరలిపోతారు. ఇది పొరపాటు. అక్కడి పడవలపై శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేల సంఖ్యలో పనిచేస్తారు. తూర్పు తీరాన పుట్టి పడమటి కడలిలో వల వేసే ఆ మనుషుల తెలుగు రేవు గట్టున వినబడుతూనే ఉంటుంది. 2018 నవంబరులో వారిలో కొందరు సరిహద్దు జలాలలో పాకిస్తాన్ గస్తీ దళానికి పట్టుబడ్డారు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. అదే సంవత్సరం లాక్‌డౌన్‌లో రేవులోనే చిక్కుబడిన వేలాది మందిని బస్సులలో ఆంధ్రకు తరలించారు. యాత్రికునికి అందంగా కనబడే సముద్రం వారికి బ్రతుకుతెరువు.

మాధవ్‌పూర్‌లో రుక్మిణీ కల్యాణోత్సవం శ్రీరామనవమి దినాలలో జరుగుతుంది. రుక్మిణి తమ ఆడబిడ్డేనని అరుణాచల్‌లోని మిష్మీ జనులు చెప్పుకుంటారు. 2018 నుండి ఈశాన్య రాష్ట్రాల కళాకారులు కూడా ఈ మేళాకు వస్తున్నారు. శీతకాలపు యాత్రికునికి ఆ ఉత్సవం అందదు; ఊరి ఇసుకతీరం అందుతుంది. పోర్‌బందర్‌లో గాంధీజీ జన్మగృహానికి ఒక పూట చాలును.

ఇక నరారా. 1982లో ఏర్పడిన కచ్ సింధుశాఖ సముద్ర జాతీయోద్యానవనం దేశంలో ఆ కోవకు చెందిన వాటిలో మొదటిది. పాటు సమయం దినదినానికి ముప్పావు గంటకు పైగా వెనుకకు జరుగుతుంది గనుక, ముందునాడే స్థానికుల వద్ద వేళ విచారించుకోవాలి. పాదాలకు పాత క్యాన్వాసు బూట్లు, వెంట అటవీశాఖ గుర్తించిన గైడు ఉండవలెను. నీరు తీసిన నేలపై మోకాలి లోతు మడుగుల నడుమ నడుస్తూ పోతే పగడాలు, సముద్రపు దోసకాయలు, రంగు మార్చే ఆక్టోపస్‌లు, నీరు నింపుకొని బంతిలా ఉబ్బే చేపలు కనబడతాయి. దేనినీ ముట్టరాదు, పగడంపై కాలు మోపరాదు. పోటు మొదలైనదని గైడు చెప్పిన మరుక్షణం ఒడ్డుకు తిరగాలి. చదునైన ఆ నేలపై నీరు నిశ్శబ్దంగా, అన్ని వైపుల నుండి వస్తుంది.