జన్యువులో ఒక్క అక్షరం మారితే: బస్తర్ నర్సులకు సికిల్ సెల్ పాఠం ఎందుకు కీలకం?

ఛత్తీస్‌గఢ్‌లోని నగర్‌నార్ పేరు చెప్పగానే ఉక్కు కర్మాగారం గుర్తొస్తుంది. జగదల్‌పూర్‌కు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ కర్మాగారాన్ని 2023 అక్టోబర్ 3న ప్రధాని మోదీ జాతికి అంకితం చేశారు. దాన్ని నిర్మించిన ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. బస్తర్‌కూ హైదరాబాద్‌కూ మధ్య అంతగా వార్తల్లోకి రాని బంధం మరొకటి ఉంది. ఈ సంస్థ 'బాలికా శిక్షా యోజన' కింద బస్తర్ ప్రాంత గిరిజన అమ్మాయిలను హైదరాబాద్‌లో నర్సింగ్ చదివిస్తోంది.

బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్‌లో పాథాలజీతో పాటు జెనెటిక్స్ కూడా ఒక పాఠ్యాంశం. క్రోమోజోములు, ఉత్పరివర్తనలు, వంశపారంపర్య సూత్రాలు చాలామంది విద్యార్థులకు పరీక్ష రాసి మరిచిపోయే విషయాలుగానే అనిపిస్తాయి. బస్తర్‌లో పనిచేయబోయే నర్సుకు మాత్రం అవి రోజూ అవసరమయ్యేవి. మధ్య భారత గిరిజన ప్రాంతాల్లో తరతరాలుగా పాతుకుపోయిన సికిల్ సెల్ వ్యాధే అందుకు కారణం.

కణం లోపల ఏం జరుగుతుంది?

ఎర్ర రక్తకణంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. అందులోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాన్ని తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోమ్‌పై ఉంది. ఆ జన్యువులో ఒక్క అక్షరం, అంటే 'ఎ' ఉండాల్సిన చోట 'టి' వస్తే, గొలుసులో ఆరో స్థానంలోని గ్లుటమిక్ ఆమ్లం స్థానంలో వాలీన్ చేరుతుంది. వ్యాధికి మూలం ఇంతే.

గ్లుటమిక్ ఆమ్లం నీటితో కలిసిపోతుంది, వాలీన్ నీటికి దూరంగా జరుగుతుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేశాక, ఈ వాలీన్ పక్క అణువులోని గుంతలో ఇరుక్కుంటుంది. అలా ఒకదానికొకటి అతుక్కున్న అణువులు పొడవాటి పోగులుగా మారి, గుండ్రంగా ఉండాల్సిన కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. ఆ కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే తీవ్రమైన నొప్పి వస్తుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. అందుకే రక్తహీనత.

ఈ వంకర కణాలను 1910లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ తొలిసారి వర్ణించారు. లోపం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం తేల్చింది. తేడా ఒక్క అమైనో ఆమ్లమేనని 1956-57లో వెర్నన్ ఇంగ్రామ్ చూపించారు. భారత్‌లో ఈ జన్యువు ఉనికి 1952లో నీలగిరి గిరిజనుల్లో బయటపడింది.

పాఠం నుంచి వార్డులోకి

పోగులు ఏర్పడటానికి కొంత సమయం పడుతుంది. కణంలో నీరు తగ్గి హిమోగ్లోబిన్ చిక్కబడితే ఆ సమయం బాగా తగ్గిపోతుంది. 'నీళ్లు ఎక్కువగా తాగాలి' అని నర్సు చెప్పే మాట వెనుక ఉన్న కణశాస్త్రం ఇదే. పొలం పనికైనా, కొలిమి దగ్గర పనికైనా వెళ్లే రోగికి ఇది మందుతో సమానమైన సలహా.

పుట్టిన బిడ్డలో లక్షణాలు వెంటనే ఎందుకు కనిపించవన్న ప్రశ్నకూ జవాబు హిమోగ్లోబిన్‌లోనే ఉంది. శిశువు రక్తంలో ఎక్కువగా ఉండే పిండ హిమోగ్లోబిన్ ఈ పోగుల్లో చేరదు. ఆరు నెలల వయసు వచ్చేసరికి అది తగ్గుతుంది, ఇబ్బందులు మొదలవుతాయి. హైడ్రాక్సీయూరియా మందు ఆ పిండ హిమోగ్లోబిన్‌నే మళ్లీ పెంచుతుంది. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వేసుకునే మాత్ర కాదిది. రోజూ వాడాలి, మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేయించుకోవాలి. గర్భం దాల్చాలనుకునేవారు ముందే డాక్టర్‌ను సంప్రదించాలి.

ఈ వ్యాధి ఉన్న పిల్లల్లో ప్లీహం చిన్న వయసులోనే దెబ్బతింటుంది. దాంతో న్యుమోకోకస్ వంటి బ్యాక్టీరియాను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. మిగతా పిల్లల విషయంలో ఒకరోజు ఆగి చూడదగిన జ్వరం, వీరికి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన అత్యవసర పరిస్థితి. కడుపు ఎడమవైపు వాపు వచ్చి, బిడ్డ ఒక్కసారిగా పాలిపోతే రక్తం ప్లీహంలో నిలిచిపోతోందని అర్థం. ఈ గుర్తులను తల్లికి నేర్పగలిగేది ఎక్కువగా నర్సే.

ఇనుప ఖనిజానికి పేరుపడ్డ బస్తర్‌లో మరో జాగ్రత్త కూడా అవసరం. సికిల్ సెల్ రక్తహీనతకు మూలం ఇనుము కొరత కాదు. పదేపదే రక్తం ఎక్కించుకున్నవారి శరీరంలో ఇనుము ఇప్పటికే పేరుకుపోయి ఉండొచ్చు. కొందరిలో కొరత కూడా ఉండొచ్చు కాబట్టి, పరీక్ష చేసి నిర్ధారించుకున్నాకే ఐరన్ మాత్రలు ఇవ్వాలి.

మలేరియాతో లంకె

ఇంత హాని చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు నిలిచింది? ఒక తప్పు జన్యువు, ఒక సరైన జన్యువు ఉన్న వాహకులకు ప్రాణాంతక ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథోనీ ఆలిసన్ ఆఫ్రికాలో చేసిన అధ్యయనాలతో వెల్లడించారు. బస్తర్ కూడా చిరకాలంగా మలేరియా ప్రాంతమే. అక్కడ 2020లో 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమం మొదలైంది.

అయితే ఈ రక్షణ వాహకులకే. రెండు జన్యువులూ తప్పుగా ఉన్న రోగికి మలేరియా సోకితే ప్రాణానికే ముప్పు. ఈ తేడా తెలియకపోతే 'సికిల్ ఉంటే మలేరియా రాదు' అనే ప్రమాదకరమైన అపోహ వ్యాపిస్తుంది.

'నలుగురిలో ఒకరు' అంటే?

దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకమయ్యే అవకాశం 50 శాతం, ఏదీ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. 'మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికి భయం లేదు' అనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇలాంటి దంపతులకు నలుగురేసి పిల్లలున్న వంద కుటుంబాలను తీసుకుంటే, సుమారు 32 కుటుంబాల్లో ఒక్క బిడ్డకూ వ్యాధి ఉండదు. కొన్నింట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటుంది.

ఒకరు సికిల్ వాహకులు, మరొకరు బీటా తలసీమియా వాహకులైనా బిడ్డకు సికిల్ వ్యాధి రావచ్చు. గ్రామాల్లో తొలి వడపోతకు వాడే సాల్యుబిలిటీ పరీక్ష తలసీమియాను పట్టుకోలేదు. వాహకులెవరో, రోగులెవరో కూడా చెప్పలేదు. పిండ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండే చంటిబిడ్డల్లో వ్యాధి ఉన్నా లేనట్టు చూపించవచ్చు. అందుకే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్‌తో నిర్ధారించేదాకా ఎవరినీ 'రోగి' అనకూడదు.

పరీక్ష తర్వాత ఏమిటి?

2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలించే లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించడం లక్ష్యం. 2025 మధ్యనాటికే పరీక్షలు 6 కోట్లు దాటాయి. ఫలితాన్ని తెలిపే కార్డులనూ ఇస్తున్నారు. సికిల్ సెల్ వ్యాధిని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది.

చికిత్సలోనూ ముందడుగులు పడుతున్నాయి. ఎర్రకణంలో కేంద్రకం ఉండదు కాబట్టి అక్కడ జన్యువును సరిదిద్దలేం. ఎముక మజ్జలోని మూలకణాలనే మార్చాలి. ఆ పద్ధతిలో క్రిస్పర్‌తో రూపొందిన 'కాస్‌జెవీ'ని 2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఆమోదించాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. బస్తర్ పల్లెకు అది అందుబాటులోకి వచ్చేదాకా ఆధారం పరీక్ష, హైడ్రాక్సీయూరియా, టీకాలు, సరైన సలహాయే.

అన్నిటికంటే కష్టమైనది ఆ సలహానే. వాహకులు రోగులు కారు. వారిలో దాదాపు అందరూ మామూలుగానే జీవిస్తారు. పెళ్లికి ముందు పరీక్ష మంచిదే. కానీ ఆ కార్డు ఊరంతా చూస్తే అమ్మాయి సంబంధం చెడిపోవచ్చు, పుట్టిన బిడ్డకు వ్యాధి ఉంటే నింద తల్లి మీదే పడొచ్చు. వ్యాధి బిడ్డకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి తప్పు జన్యువు వస్తాయి. హైదరాబాద్‌లో చదివి ఊరికి తిరిగివెళ్లే నర్సు ఆ ఒక్క విషయాన్ని అత్తింటివారికి వారి భాషలో అర్థమయ్యేలా చెప్పగలిగితే, జెనెటిక్స్ పాఠానికి ప్రయోజనం దక్కినట్టే.