బైపాస్ తర్వాత మా వంటిల్లు

మా వారికి బైపాస్ ఆపరేషన్ అయ్యాక పలకరించడానికి వచ్చిన బంధుమిత్రులు రెండు రకాలు. "ఇక అన్నం ముట్టకండి, ఓట్సే తినండి" అన్నవారు కొందరు. "బాగైపోయింది కదా, ఇంకా పథ్యం ఎందుకు?" అన్నవారు ఇంకొందరు. రెండూ తప్పేనని తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది. ఉగాది సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు, పిండివంటల సంగతి మరొకరు రాస్తారులే అని ఈ వంట గురించి రాస్తున్నాను.

బైపాస్ అంటే మూసుకుపోయిన రక్తనాళాన్ని శుభ్రం చేయడం కాదు. కాలి నుంచో ఛాతీ నుంచో తీసిన నాళంతో పక్కదారి వేయడం. పాత దారిని పూడ్చిన కొవ్వు కొత్త దారినీ పూడ్చగలదు. మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ డాక్టర్ మహాతీర్ గారు. 1989లో కౌలాలంపూర్ ఆసుపత్రిలో ఆయనకు బైపాస్ జరిగింది. 2007లో జాతీయ హృదయ సంస్థలో, అంటే మనం ఐజెఎన్ అనే చోట, మళ్ళీ చేయవలసి వచ్చింది. ఆయనకు 2025 జూలైలో నూరేళ్ళు నిండాయి. తిండి రుచిగా ఉన్నప్పుడే చేయి ఆపమని వాళ్ళమ్మగారు చెప్పేవారని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. మన ఇళ్ళలో ఆ మాట చెల్లదు. రుచిగా ఉందంటే చాలు, "ఇంకొంచెం వేసుకోండి" అనడమే మన మర్యాద!

మొదటి నెల మా బాధ వేరు. ఆయనకు ఏదీ రుచించేది కాదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, పస్తు పెట్టవద్దని ఆహార నిపుణురాలు గట్టిగా చెప్పారు. పెసరకట్టు, ఉడికించిన గుడ్డు, మెత్తటి అన్నంలో చేపముక్క, ఇలా కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు పెట్టేదాన్ని.

అసలు చిక్కు మూడో నెలలో, ఆయన నడక మొదలుపెట్టాక వచ్చింది. బ్రిక్‌ఫీల్డ్స్‌లో నడక అంటే ఎటు తిరిగినా తిండి దుకాణమే. జలాన్ తున్ సంబంధన్ దాటేలోపు వడలు, రొట్టె చనాయ్, పాలడబ్బా తీపితో తే తారిక్. ఒకరోజు నడిచి వచ్చిన మనిషి చొక్కా మీద సాంబారు మరక చూశాను. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నేనూ వెంట నడిచాను. ఇప్పుడు ఆయన "తే ఓ కొసోంగ్" అంటారు, అంటే పాలూ చక్కెరా లేని టీ. మొదట్లో కషాయంలా ఉందని గొణిగేవారు. 2019 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి పెద్దవాళ్ళలో దాదాపు అయిదుగురికొకరికి మధుమేహం. అందులోనూ మన భారతీయులే ముందు. చక్కెర ఎక్కువైతే గుండెకూ ముప్పే.

అరిటాకు భోజనంలో ఇబ్బంది ఏమిటంటే, ఆకుకు హద్దు లేదు. ఆరోగ్య శాఖ వారి "సుకు సుకు సెపారుహ్" సూత్రం మాకు పనికొచ్చింది. పళ్ళెంలో పావు భాగం అన్నం, పావు భాగం చేపో పప్పో, మిగతా సగం కూరలు, పళ్ళు. దుకాణంలో "బంజిర్" అంటే అన్నం మునిగేలా పులుసు పోస్తారు. ఉప్పూ నూనే అందులోనే ఉంటాయి, కాబట్టి పులుసు పక్కన గిన్నెలో అడగండి.

రోజుకు మనిషికి అయిదు గ్రాముల లోపు, అంటే ఒక చెంచా లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఆవకాయ, అప్పడం, ఇకాన్ బిలిస్ కలిస్తే ఆ లెక్క ఒక్క పూటలోనే దాటిపోతుంది. నేను ఉప్పు తగ్గించి చింతపండు, మిరియాలు, వెల్లుల్లి పెంచాను. రెండు వారాల్లో నాలుక అలవాటు పడింది. ఉప్పుకు బదులు అమ్మే పొటాషియం ఉప్పును మాత్రం డాక్టరును అడగకుండా వాడకండి. కిడ్నీ జబ్బు ఉన్నా, కొన్ని రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నా అది ప్రమాదం. కొబ్బరిపాల కూర నెలకొకసారికి దిగింది.

చేపల విషయంలో ఒక ముచ్చట. ఇక్కడ చవకగా దొరికే ఇకాన్ కెంబుంగ్ గుండెకు మంచి చేసే ఒమేగా కొవ్వు ఉన్న చేప. ఆ జాతిలో ఒకదాని శాస్త్రీయ నామం రాస్ట్రెలిగర్ కానగుర్త. అది మన తెలుగు మాటే! విశాఖపట్నం చేపల మీద 1803లో ప్యాట్రిక్ రసెల్ ప్రచురించిన పుస్తకంలో ఆ పేరు ఉంది. మన తాతలు ఓడ ఎక్కిన తీరాన తిన్న చేపను ఇక్కడ వేపుడు మానేసి పులుసు పెట్టుకుంటున్నాం.

గుండె కవాటం మార్చి వార్ఫరిన్ వేసుకునేవారికి వేరే జాగ్రత్త ఉంది. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది. అలాగని ఆకుకూరలు మానకూడదు. ప్రతి వారం ఇంచుమించు ఒకే కొలతలో తినాలి. ఒక వారం తోటకూర లేకుండా, మరో వారం రోజూ తింటే రక్తపరీక్ష తారుమారవుతుంది.

ఉగాది నాడు మా ఇంటికి తప్పక రండి. పచ్చడి చెంచాడు, పులిహోర, కాల్చిన అప్పడాలు, మనిషికి అర బొబ్బట్టు ఉంటాయి. రెండో సగం మా వారు అడిగినా, ఆయన తరఫున మీరు అడిగినా ఇవ్వను.