సమాన విలువ గల పనికి సమాన వేతనం

ఒడిశాలో కోరాపుట్ నుంచి రాయగడకు సాగే రైలుమార్గంలోని కకిరిగుమ్మ పరిసరాలు 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేవి. ఆదివాసులు, ఒడియా, తెలుగు కుటుంబాలు కలిసి బతికే ఈ కొండప్రాంతంలోనూ, మైదానంలోని తెలుగు పల్లెల్లోనూ, అరక దున్నడం మగవారి పనిగా, నాట్లు, కలుపుతీత ఆడవారి పనిగా స్థిరపడ్డాయి. ఉపాధిలో స్త్రీ పట్ల వివక్ష చాలావరకు ఈ విభజన చాటునే నిలిచి ఉంది.

రాజ్యాంగంలోని 39వ అధికరణం సమాన పనికి సమాన వేతనాన్ని ఆదేశిక సూత్రంగా, అంటే ప్రభుత్వాలు పాలనలో పాటించవలసిన లక్ష్యంగా ప్రకటించగా, 1976 నాటి సమాన వేతన చట్టం దానిని యజమానులందరికీ విధిగా మార్చింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్ కూడా ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి, లింగభేదాన్ని బట్టి వేర్వేరు వేతనాలు ఇవ్వడాన్ని నిషేధించింది.

ఒకే తరహా పని అంటే ఏమిటో 1987లో సుప్రీంకోర్టు మెకినన్ మెకంజీ కేసులో వివరించింది. మహిళా స్టెనోగ్రాఫర్లకు పురుషులకంటే తక్కువ జీతమిచ్చిన ఆ నౌకా సంస్థ వాదనను తోసిపుచ్చుతూ, విధుల్లోని చిన్నచిన్న తేడాలను గాక పనిని మొత్తంగా చూడాలని, చెల్లించే స్తోమత లేదన్నది సాకు కాజాలదని తేల్చింది.

అయితే దున్నకాన్నీ నాట్లనూ ఒకే తరహా పనులని ఈ కొలత ప్రకారం చెప్పడం కష్టం. దీనికి భిన్నంగా, భారతదేశం 1958లో ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడిక పనుల పోలికను గాక వాటి విలువను కొలమానంగా తీసుకుంది; ఆ విలువను సాధారణంగా పనికి కావలసిన నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులను బట్టి అంచనా వేస్తారు. మోకాటిలోతు బురదలో రోజంతా నడుము వంచి, సరైన ఎడంతో నారు నాటే పనిని ఈ కొలమానంతో తూచినప్పుడు, దానిని నైపుణ్యం లేని పనిగా లెక్కగట్టడం ఎంత అన్యాయమో స్పష్టమవుతుంది.

2006లో తొలివిడతగా కోరాపుట్, రాయగడ జిల్లాలకు వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ పథకం స్త్రీపురుషులకు ఒకే కూలిరేటును నిర్ణయించి, సమానత్వం పల్లెలో ఆచరణసాధ్యమేనని చూపింది. కనీస వేతనాలు నిర్ణయించే ప్రభుత్వాలు ఇకనైనా వ్యవసాయ పనులను వాటి విలువను బట్టి తిరిగి వర్గీకరించి, కార్మికశాఖ తనిఖీలను కర్మాగారాల గేట్లు దాటించి పొలాలదాకా తీసుకువెళ్ళాలి. అంతవరకు చట్టమిచ్చిన హక్కు నాట్లు వేసే స్త్రీకి అందినట్లు కాదు.