కోడి ఎవరు, పిట్ట ఎవరు

నెమలిని, కంజును, అడవికోడిని, మన వాకిట్లో తిరిగే ఇంటికోడిని పక్షిశాస్త్రం ఒకే కుటుంబం కింద లెక్కగట్టి, దానికి ఫీజెంట్ అనే పక్షి పేరు మీద ఫేసియానిడే అని పేరు పెట్టింది. మా మెట్‌పల్లి చుట్టుపక్కల ఎంత వెతికినా ఆ ఫీజెంట్ మాత్రం కనబడదు. మన దేశంలో ఫీజెంట్లను అడవిలో చూడాలంటే హిమాలయాల వైపో ఈశాన్య కొండల వైపో పోవాల్సిందే. గ్రీకు భాషలో ఆ మాటకు ఫేసిస్ నది పక్షి అని అర్థం. ఆ నది ఇప్పటి జార్జియాలో ఉంది, ఇప్పుడు రియోని అంటున్నారు. 1758లో లిన్నేయస్ ఇచ్చిన శాస్త్రనామంలో నది పేరుతో పాటు ఆ ప్రాంతపు పాత పేరు కొల్కిస్ కూడా చేరింది. తీరా చూస్తే ఆ పక్షి సొంత నేల అక్కడి నుంచి చైనా దాకా పరుచుకొని ఉంది. గ్రీకులు తమకు తెలిసిన కొసను చూసి మొత్తానికీ పేరు పెట్టేశారు. టర్కీకోడి కథ ఇంకా విచిత్రం. అది అమెరికా పక్షి. ఇంగ్లీషువాళ్లు దాన్ని టర్కీకి అంటగట్టారు. టర్కీవాళ్లేమో ‘హిందీ’ అని మన మీదికి తోశారు. ఫ్రెంచివాళ్లూ ఇండియా పేరే తగిలించారు, డచ్చివాళ్లు ఏకంగా కాలికట్ రేవునే పట్టుకున్నారు. పెరూ అన్న పోర్చుగీసువాళ్లు ఒక్కరే కనీసం సరైన దిక్కుకు చెయ్యి చూపించారు. పక్షికి ఊరి పేరు పెడితే తెలిసేది పక్షి పుట్టిల్లు కాదు, సరుకు వచ్చిన దారి.

మన పల్లెలు పేరు పెట్టిన తీరు వేరు. ఈ పేర్లకు దేశంతో పని లేదు, పొదతో పని. జెముడు కంచెల్లో దూరి తిరిగేది జెముడుకాకి, కలివి పొదల నడుమ బతికేది కలివికోడి, చెరువు తుంగలో మసిలేది నీటికోడి. నేల మీద నడుచుకుంటూ మేసేది, తరిమితే ముందు కాలికి పని చెప్పి ఆ తర్వాతే రెక్క విప్పేది కోడంత ఉంటే కోడి అయింది. గుప్పిట్లో ఇమిడేంత ఉంటే పిట్ట అయింది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1862–64లో వెలువరించిన భారతదేశ పక్షుల గ్రంథంలో జిట్టకోడి, పూరేడు వంటి తెలుగు పేర్లను ఇంగ్లీషు పేర్ల పక్కనే ఎక్కించాడు. రాళ్లగుట్టల్లో పొదల మాటున తిరిగే ఈ జిట్టకోడి పుంజుకు ఒక్కో కాలికి ఒకటికి మించి ముళ్లుంటాయి. దాని శాస్త్రనామం గాలోపెర్డిక్స్ కూడా కోడినీ కంజునూ కలిపి కుట్టిన మాటే. లాటిన్ పండితుడూ చివరికి పల్లెటూరి దారే పట్టాడన్న మాట.

అయితే ఈ పేర్లు వంశాన్ని తప్పు చూపుతున్నాయి కదా అని శాస్త్రం తెలిసినవాళ్లు అడగవచ్చు. నిజమే, కలివికోడి కోడి కాదు, తీతువుకు దూరపు చుట్టం. చాలా దశాబ్దాలు కనబడకుండా పోయి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిన ఆ పక్షికి ఇంగ్లీషులో జెర్డన్ పేరే ఉంది. జెముడుకాకి కాకి కాదు, కోకిల జాతిది. దాన్నే ఇక్కడి ఇంగ్లీషు దొరలు ‘క్రో ఫీజెంట్’ అన్నారంటే ఒకే పేరులో రెండు తప్పులు చేసినట్టు. కానీ తెలుగు పేరు వంశవృక్షం గీస్తానని ఎప్పుడూ చెప్పలేదు. అది చెప్పేది పక్షి ఎక్కడ దొరుకుతుంది, ఎట్లా కదులుతుంది అన్న సంగతులు. కలివికోడి పేరు విన్నవాడు ఏ పొదల్లో వెతకాలో తెలుసుకుంటాడు, ఫీజెంట్ అన్న మాట విన్నవాడికి ఆపాటి ఆసరా కూడా లేదు.

ఇంతకంటే గట్టి ప్రశ్న నెమలిది. నేల మీద నడిచి మేయడమే కొలత అయితే నెమలి ఎందుకు కోడి కాలేదు? దానికి అప్పటికే సొంత పేరుంది కాబట్టి. కన్నడంలో నవిలు, తమిళంలో మయిల్, గోండిలో మల్, ఇవన్నీ ద్రావిడ భాషల సొంత మాటలు. సంస్కృత మయూరం కూడా ఈ వైపు నుంచి పోయిందేనని భాషావేత్తల్లో చాలామంది అభిప్రాయం. గోదావరి దాటి ఆదిలాబాద్ గోండు గూడేలకు పోతే దీపావళి నాటి దండారి పండుగలో గుస్సాడీ నృత్యం చేసేవాళ్లు పెట్టుకునే నెమలి ఈకల కిరీటాన్ని మల్‌బూర అంటారు. కోడి, కంజు, పూరేడు లాంటివి ఇట్లా ఒంటిగా నిలబడే మాటలు. ఇట్లాంటి సొంత మాట లేనివాటికే జోడుపేర్లు కుదిరాయి. ఆఫ్రికాలోని గినీ తీరం పేరుతో వచ్చిన పక్షిని కూడా మనవాళ్లు గిన్నెకోడి చేసుకున్నారు. ఊరి పేరు మన నోట్లో వంటపాత్ర అయి కూర్చుంది!

అడవికోడి అన్న ఒక్క పేరు కింద రెండు జాతులున్నాయి. ఎర్రది ఉత్తర, తూర్పు అడవులది, బూడిదరంగుది దక్షిణాదిది. ఈ రెండింటి ఎల్లలు దగ్గరపడేది గోదావరి ప్రాంతంలో. రెంటికీ ఒకే పేరు పెట్టడం అశ్రద్ధ అనుకోవచ్చు. కానీ ఇంటికోడికి మూలం ఎర్ర అడవికోడే అయినా, చాలా రకాల కోళ్ల చర్మానికి పసుపు రంగునిచ్చే జన్యువు బూడిదరంగు దాని నుంచి వచ్చిందని 2008లో పరిశోధకులు తేల్చారు. పల్లె కలిపి పిలిచిన రెండు జాతులూ ఇంటికోడి ఒంట్లో కలిసే ఉన్నాయి.

నాకు అసలు ఇబ్బంది కంజుతోనే. కవుజు, కౌజు, కంజు అని ఎట్లా పలికినా మన పొలంగట్ల మీద తిరిగే పక్షే అది. గొంతు కింద సన్నని నల్లగీత దండలా ఉంటుంది, కాలిదాకా వస్తే తప్ప లేవదు, లేస్తే బుర్రుమంటుంది. దాని కూతే ఉర్దూలో తీతర్ అయింది, సంస్కృతంలో తిత్తిరి అయింది, తైత్తిరీయంలో వేదం దాకా ఎక్కింది. ఇప్పుడు రోడ్డు పక్క బోర్డుల మీద కౌజుపిట్టలంటే 1974లో మన దేశానికి తెచ్చి పెంచడం మొదలుపెట్టిన జపాన్ క్వెయిల్. పేరు పొలం నుంచి పంజరంలోకి మారింది. పంజరంలోదాన్ని అమ్ముకోవచ్చు, గట్టు మీది కంజును పడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం కేసవుతుంది. బోర్డు మీద పేరు చూసి రెంటికీ తేడా చెప్పలేం. ఫారం పక్షిని జపాన్ పిట్ట అని రాస్తే సరిపోతుంది. ఊరి పేర్లను ఇంతసేపు ఆక్షేపించినా, ఇక్కడ మాత్రం ఊరి పేరే మేలు.