బృహన్నలకు విద్యాలయమున చోటు

మెట్ట ప్రాంతమునకు వానయే ప్రాణము. వానలు వెనుకబడినపుడు విరాటపర్వము చదివించుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. కొండాపురము, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములవారికి ఆ పర్వము మఱింత ఆప్తము. దానిని తెనుగు చేసిన తిక్కన సోమయాజి పదుమూడవ శతాబ్దమున నెల్లూరిలో మనుమసిద్ధి ఆస్థానమున నుండిన కవి.

ఆ కథలో అర్జునుడు బృహన్నల రూపమున విరాటుని కొలువు చేరి, రాజకుమార్తె ఉత్తరకు నాట్యము నేర్పును. అది శాపవశమున ఒక యేడు దాల్చిన రూపమే. అయినను, పురుషుడనియు స్త్రీయనియు చెప్పరాని వ్యక్తి గురుస్థానమున నుండుట మన పెద్దల ఊహకు అందని సంగతి కాదు.

కథలో దొరకిన ఆ చోటు చట్టమున దొరకలేదు. ఆంగ్లేయ ప్రభుత్వము 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టము హిజ్రాలను పోలీసు పట్టికల కెక్కించెను. హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919లో, అటువంటి శాసనమే వచ్చెను. స్త్రీవేషముతో వీధిలో కనబడినను, బహిరంగముగా ఆడినను పాడినను, వారంటు లేకయే నిర్బంధింప వచ్చునని అందు కలదు. ఉత్తరకు బృహన్నల నేర్పిన విద్యయే ఇచట నేరమైనది! తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఆ శాసనమును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది 2023 జూలై 6వ తేదీననే.

హిజ్రాలు మాత్రమే కాదు; స్వలింగమువారిని ప్రేమించువారును, పుట్టినపుడు వ్రాయబడిన లింగముతో తమ మనసు పొసగనివారును కలరు. వీరందఱిని కలిపి నేడు ‘క్వియర్’ అనుచున్నారు. ఆంగ్లమున ‘వింత’ అను అర్థముతో నిందగా వాడబడిన మాటను వారే స్వీకరించి గౌరవనామముగా మార్చుకొనిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగ ప్రేమను వ్యాధుల పట్టికనుండి తొలగించినది. మన సుప్రీంకోర్టు 2014లో తన లింగమును తానే తెలుపుకొను హక్కును గుర్తించినది. 2018లో వయస్సు వచ్చినవారి స్వలింగ ప్రేమ నేరము కాదన్నది.

తీర్పు వచ్చినంతనే హాస్టలు తలుపు తెఱచుకొనదు. దరఖాస్తులో ఏ గడి నింపవలెను? ఏ గదిలో ఉండవలెను? హాజరు పిలుచునపుడు ఏ పేరు పలుకుదురు? చదువునకు అడ్డుపడునవి ఇట్టి చిన్న సంగతులే. హైదరాబాదు సమీపమున శామీరుపేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము ఈ విషయమున దారి చూపినది. అచట 2015లో ఒక పట్టభద్రునకు ఇచ్చిన పత్రమున శ్రీ, కుమారి అను పదములకు మాఱుగా, లింగమును సూచింపని ‘మిక్స్’ అను గౌరవపదము వ్రాసిరి. 2022లో వసతిగృహమున ఒక అంతస్తును ఇట్టి విద్యార్థులకై ప్రత్యేకించిరి. ఇందులకు కావలసినది పెద్ద ధనము కాదు. అడిగినవారి మాట వినుటయే.

ఇక వీరి చరిత్రను ఉత్సవముగా జరుపుట యెందులకని కొందఱు పెద్దలు అడుగుదురు. హైదరాబాదులో 2013లో స్వాభిమాన యాత్ర తొలిసారి సాగినపుడును ఈ ప్రశ్న వినవచ్చియుండును. చరిత్ర విన్నంతనే ఎవరి స్వభావమును మాఱదు. అయితే, లోకమున తానొక్కడనే ఇట్లుంటినని లోలోన కుములు విద్యార్థికి తనకు ముందును తనవంటివారు కలరని తెలియును. ఆ ధైర్యము చదువును నిలుపును. ఒక్కొక్కచో ప్రాణమునే నిలుపును. తోటివారికిని, తాము ఎగతాళి చేయుచున్న మనిషి వెనుక ఎంత కథ కలదో తెలిసివచ్చును.

మన ఊళ్ళనుండి పిల్లలు నెల్లూరిలోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయమునకును, హైదరాబాదునకును చదువులకై వెళ్ళుచున్నారు. వారిలో ఎవరైనను సెలవులకు వచ్చినపుడు, చెప్పలేక చెప్పలేక ఒక మాట చెప్పబోవచ్చును. అప్పుడు మనము రేడియో కొంచెము తగ్గించి, ఆ మాట చివరివఱకు విందము.